మంచం గీతలు

ఫ్రెండ్ పంపిన బుకింగ్ లింక్‌లో ఫొటో చూసి ఆగిపోయాను. అడవి మధ్య పాత చెక్క చర్చి, బాగుచేసి గెస్ట్‌హౌస్‌గా మార్చింది. పక్కాగా అదే, చిన్నప్పుడు మేం దిగిన చోటు!

Y2K ఉద్యోగాల పుణ్యమా అని నాన్నల వెంట మెల్‌బోర్న్‌లో దిగిన పిల్లలూ, గుర్తుందా, డిక్కీలో రైస్ కుక్కర్ లేకుండా ఏ ట్రిప్పుకైనా వెళ్లామా? నాకప్పుడు తొమ్మిదేళ్లు. గదంతా యూకలిప్టస్ కట్టెల పొగ వాసన. ఇనప మంచం మీద పడుకుంటే కాళ్లు సరిగ్గా ఒకప్పుడు శిలువ ఉన్న గోడవైపే.

"అటు కాళ్లు చాపుతామా? మంచం తిప్పండి" అంది అమ్మ.

"ఇదిప్పుడు చర్చి కాదే. సామాన్లు కదపొద్దని రూల్స్‌లో రాశారు" అన్నాడు నాన్న.

"దేవుడు ఖాళీ చేసి వెళ్లాడని కూడా రాశారా?"

ఒక్కతే ఈడ్చింది. ఆ చప్పుడుకి ఓనరొచ్చాడు. "గాడ్ దేర్. లెగ్స్, నో" అంది అమ్మ, మంచం వదలకుండా. నేను సిగ్గుతో వెళ్లి కారులో కూర్చున్నాను.

ఫొటోలో నేలమీద ఆ గీతలు ఇంకా ఉన్నాయి. కింద "కాలం మిగిల్చిన గుర్తులు" అని గొప్పగా రాసుకున్నారు. కాలమూ కాదు, ఏమీ కాదు. అవి మా అమ్మ గీసినవి.

మంచం మళ్లీ ఆ గోడవైపే ఉంది. బుక్ చేశాను. అమ్మా వస్తోంది. ఈసారి రెండోవైపు నేను పట్టుకుంటాను.