ఇన్సులిన్ నింద: అన్నూరు నుంచి మదురైకి ఒక రోజు

పోయిన నెల మా చెల్లెలు సరోజ ఇంట్లో చూసిన ఒక పొద్దు చెబుతాను. ఇల్లు మదురై పక్కన తిరుమంగళం దాటాక, మన తెలుగువాళ్ళ వీధిలో. ఆరున్నరకు సరోజ వాకిలి చల్లి వచ్చి, ఫ్రిజ్‌లోంచి అత్తగారి ఇన్సులిన్ సీసా తీసింది. అరచేతుల మధ్య దొర్లించింది. సూదిలోకి ఎక్కించి గాలి బుడగ పోగొట్టింది. "మెల్లిగా కుత్తవే, ఇది కడుపు, గోతాం కాదు" అన్నది అత్త. ఏడేళ్ళుగా ఆ సూది వేసేది సరోజే. తర్వాత అందరికీ దోసెలు పోసి, తాను నిలబడే మూడు తిన్నది. గంట కాకముందే చేయి వణుకుతూ సద్దికుండ దగ్గర కనిపించింది. "మళ్ళీనా? నోరు కట్టుకోవే" అన్నాను. అన్నది నేనే. మెడ మడతల్లోని నలుపును శనగపిండితో రుద్ది రుద్ది, "మురికి పోలేదక్కా" అంటూ స్నానం నుంచి వచ్చింది.

నేను ఊరికి వచ్చాక, సరోజకు నీరసమని పరీక్ష చేయిస్తే చక్కెర సరిగానే ఉంది, ఇన్సులిన్ ఎక్కువ అని వచ్చింది. ఆ ఇంట్లో ఇన్సులిన్ అంటే ఫ్రిజ్‌లో ఉండే మందు. ఒంట్లో కూడా ఊరుతుందని ఎవరికీ తెలియదు, నాకూ తెలియదు. ఆ నెల అత్త సీసా రెండు రోజుల ముందే అయిపోయింది. ఆమె రెండూ కలిపి చూసింది. "సక్కర లేనిదానికి ఇన్సులిన్ యాడనుంచి వచ్చె? నా సీసాలోదే కుత్తుకునింది" అన్నదట. సరోజ ఫోన్‌లో ఏడ్చింది. "గురువారం డాక్టరమ్మ మళ్ళీ రమ్మనింది. నువ్వు రా అక్కా. నువ్వు విని చెప్తే నమ్ముతారు."

గురువారం తెల్లారకముందే పెరుమాళ్ళకు దీపం పెట్టి, ఐదుంబావుకు మా ఊరు అన్నూరులో గాంధీపురం బస్సెక్కాను. టౌన్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ డబ్బు లేదు. గాంధీపురంలో మారి సింగానల్లూరు చేరేసరికి ఏడు. మదురై బస్సులు అక్కడినుంచే. టికెట్ రెండొందలు దాటింది. బస్సు పల్లడం, ధారాపురం, ఒట్టన్‌చత్రం, దిండుక్కల్ మీదుగా పోతుంది. నేను ఫోన్‌లో మాట్లాడేది విని కండక్టరు తమిళంలో అడిగాడు, "ఏమ్మా, ఆంధ్రావా?"

"కాదయ్యా, అన్నూరు."

"మరి ఈ భాష?"

"ఇంట్లోది. మా తాతల తాతలు కూడా ఆంధ్రా చూళ్ళేదు."

నవ్వి, ఎండ పడని పక్క సీటు చూపించాడు. ధారాపురం దగ్గర పావుగంట ఆగింది. ఇడ్లీ ఇంటినుంచి తెచ్చుకోవడం మేలు.

ఒంటిగంటకు ఆరప్పాళయం స్టాండులో సరోజ నిలబడి ఉంది, మెడ నిండా చీర కప్పుకొని. వెంట ఎవరూ రాలేదు. "ఆయనకు లీవు లేదంట. అత్తకు మోకాళ్ళంట" అన్నది. ఆస్పత్రిలో నాలుగింటికి లోపలికి పిలిచారు. డాక్టరమ్మ కొంగు తీయమని మెడ చూసింది. "రుద్దకండి, ఇది మురికి కాదు. లోపలి ఇన్సులిన్ ఎక్కువైతే ఇట్లా అవుతుంది" అన్నది. ఇంకా ఇట్లా చెప్పింది: ఒళ్ళు ఇన్సులిన్ మాట సరిగా వినడం లేదు, అందుకని క్లోమం రెండింతలు ఊరిస్తోంది. "ఇంట్లో ఒక్క ఆడది పదిమంది పని చేస్తుంటే ఇల్లు బాగానే కనిపిస్తుంది కదమ్మా. చక్కెర అట్లా బాగా కనిపిస్తోంది. ఆమె పడిపోయిన రోజు తెలుస్తుంది." సరోజ తల వంచుకుంది.

నేను సీసా సంగతి అడిగాను. డాక్టరమ్మ నవ్వలేదు. రిపోర్టు కాగితంలో సి-పెప్టైడ్ అని ఇంకో పరీక్ష చూపింది. ఒంట్లో ఇన్సులిన్ పుట్టినప్పుడే అదీ పుడుతుంది, సూదితో ఎక్కించుకుంటే పెరగదు. సరోజకు రెండూ ఎక్కువే. అన్నం తగ్గించి పప్పు, కూరలు పెంచాలి, తిన్నాక నడవాలి, మూడు నెలలకు మళ్ళీ చూపించాలి. ఇప్పుడు జాగ్రత్త పడితే చక్కెర జబ్బు దాకా పోకపోవచ్చు అన్నది.

పెరియార్ స్టాండు నుంచి తిరుమంగళం బస్సు పట్టి, ఏడింటికి ఇల్లు చేరాం. నేను కూర్చోకముందే చెప్పాను. సరోజ భర్త రంగసామి కాగితం తిరగేశాడు. "అంతా ఇంగ్లీషు కదా వదినా."

"నేను విన్నది చెప్తా ఉండా. మందు దాని ఒంట్లో ఊరిందే."

అత్త నావైపు చూసింది. "తోడబుట్టినదానివి, నువ్వు వేరేగా చెప్తావా? ఒంట్లో అంత ఊరితే, నాకు ఊరలేదేమి?"

అది డాక్టరమ్మను అడగాల్సిన మాట. వాళ్ళు ముందుగదిలో మాట్లాడుకుంటుంటే నేను దేవుడి పటం ముందు కూర్చున్నాను. ప్రార్థన రాలేదు. ఆకలిని తిండిపోతుతనం అన్నాం, జబ్బును మురికి అన్నాం, రుజువు తెస్తే పక్షపాతం అన్నారు. ఇట్లాంటి పనిమీద బయలుదేరేవాళ్ళకు ఒక్క మాట: డాక్టరు దగ్గరికి తోడు పోయేది పుట్టింటి మనిషి అయితే చాలదు. ఆ ఇంట్లో మాట చెల్లే మనిషిని, మోకాళ్ళ నొప్పయినా సరే, ఆటోలో ఎక్కించుకొని పోండి.

ఎనిమిదిన్నరకు రంగసామి వచ్చి చెప్పాడు. నడక గురించి లేదు, తిండి గురించి లేదు. రేపటినుంచి ఫ్రిజ్‌కు తాళం వేస్తారు, తాళంచెవి అత్త మొలలో ఉంటుంది. పొద్దున కాఫీకి పాలు కావాలన్నా సరోజ అడిగి తీసుకోవాలి.