మందులామెను ముందు నడిపించాను

పక్షవాతంతో కుడిపక్క పడిపోయాక మా ఆయన మూడేళ్లు మంచంలోనే ఉన్నాడు. అప్పటికి గౌలిపురలో మాకు నాలుగు బర్రెలు. పొద్దున పాలు పిండి, ఇళ్లకు పోసి వచ్చేసరికి నాకు పది దాటేది. అంతసేపు గోడ చూస్తూ పడుకోలేక సతమతమయ్యేవాడు. మా బిడ్డ తన పాత ఫోనులో ఒక ఆట ఎక్కించి ఆయన ఎడమచేతిలో పెట్టింది.

రాక్షసులు, మంత్రాలు, కోటలు ఉన్న ఆట. అందులో ఆయన ఒక వీరుడు. వెంట ముగ్గురు జోడీదార్లు: డాలు పట్టిన లావుపాటి మనిషి, బాణాలు వేసే పిల్ల, గాయాలు మాన్పే ముసలామె. ఆమెను మేం మందులామె అనేవాళ్లం. తన వీరుణ్ని మాత్రం ఆయన కొట్లాటకు పంపేవాడే కాదు.

“నువ్వు కొట్టవేంది మరి?” అని అడిగాను ఒకసారి, కుడితి కలుపుతూ.

“నేనొక్కన్నే కొడితే వీళ్లెందుకే? ఎవరి పని వాళ్లకు జెప్పాలె. నా పని జూసుడే.”

“మంచంల పండి హుకుంలు ఇచ్చుడు నీకు అలవాటే గదా.”

నవ్వాడు. నవ్వితే నోరు ఒక పక్కకే పోయేది.

చచ్చిన జోడీదారు మళ్లీ లేచేటట్టు పెట్టుకోవచ్చట ఆ ఆటలో. ఆయన వద్దన్నాడు. “మల్ల లేస్తరంటే ఇగ పైలం ఎందుకుంటది?” అన్నాడు. అట్లా ముగ్గురినీ మూడేళ్లు కాపాడుకుంటూ చివరి కోట తలుపు దాకా తెచ్చాడు. అక్కడ ఆగింది ఆట. ఆయన పోయాడు.

ఐదు నెలలు ఆట ముట్టలేదు. ఫోనుకు ఛార్జింగు మాత్రం పెడుతూ వచ్చాను. ఒక మధ్యాహ్నం, బిడ్డ అఫ్జల్‌గంజ్‌లో దుకాణం పనికి పోయినప్పుడు, తెరిచాను. ఆయన ఎక్కడ వదిలాడో అక్కడే, తలుపు ముందు, ముగ్గురూ నిలబడి ఉన్నారు. ఈ ఒక్క కోట దాటిస్తే ఆయన పని పూర్తవుతుందనుకున్నాను.

నాకు ఇంగ్లీషు రాదు. తెలుగే కూడబలుక్కుని చదువుతాను. ఈ ముచ్చట కూడా నేను చెబుతుంటే మా బిడ్డ రాస్తోంది. బొమ్మలను బట్టి వేలు పెట్టాను. లోపలికి పోయే ముందు ఎవరు ముందు, ఎవరు వెనుక అని ఆట అడుగుతుంది. ఆయన పెట్టేది ఎన్నోసార్లు చూశాను కానీ మనసుపెట్టి చూడలేదు. నాకు తెలిసింది బర్రెలు. సందులో తోలేటప్పుడు బక్కదాన్ని ముందు నడిపిస్తాం. తోలేవాళ్లం వెనుక ఉంటాం కాబట్టి అది కళ్ల ముందే ఉంటుంది. బలమైనది ఎక్కడున్నా ఫికరు లేదు. అట్లాగే మందులామెను ముందు పెట్టాను, డాలు మనిషిని చిట్టచివర.

తలుపు తెరుచుకుంది. రాక్షసుడి మొదటి దెబ్బ ఆమెకే తగిలింది. ఎంత ప్రాణం మిగిలిందో చూపే, ఆమె తల మీది ఎర్రగీత సగమైంది. డాలు మనిషి వెనుక నుంచి పరుగెత్తుకొస్తున్నాడు, అందుకోలేడు. ఇళ్ల ముందు పాలు పాలు అని కేకలేసి బొంగురుపోయిన గొంతు నాది. ఆ గొంతుతోనే “ఎన్కకు రా! ఓ, ఎన్కకు రా!” అని అరిచాను, బర్రెను పిలిచినట్టు. ఏది నొక్కితే వస్తుందో తెలియదు. దొరికినవన్నీ నొక్కాను. ఆమె పడిపోయింది. నేను నొక్కినవాటిలో ఏదో పారిపొమ్మని చెప్పేదట, మిగిలిన ఇద్దరూ బయటపడ్డారు.

సాయంత్రం బిడ్డ చూసి తల పట్టుకుంది.

“ఆమెను ముందట ఎవరన్న పెడ్తరా అమ్మా? ఆమె దగ్గర కత్తి గూడ లేదు!”

“నా కండ్ల ముందట ఉంటదని పెట్టిన బిడ్డా.”

వచ్చి నా పక్కన కూర్చుంది. “ఫస్టు నుంచి మల్ల ఆడుదాం తియ్యి, ముగ్గురూ ఉంటరు,” అంది.

“ఉంటరు. మీ బాపు తెచ్చినోళ్లు గాదు గదా.”

కొత్త ఆట పెట్టనివ్వలేదు. ఇప్పటికీ పాలు పోసి వచ్చాక ఫోను తెరుస్తాను. డాలు మనిషి, బాణాల పిల్ల తలుపు ముందు నిలబడి ఉంటారు. ఒంటి నిండా దెబ్బలు, మాన్పేవాళ్లు లేరు. చెప్పనిదే అడుగు వేయరు. బాణాల పిల్ల ఒక్కోసారి తల తిప్పి నా వైపు చూస్తుంది. ఏం చెప్పాలో నాకు తెలియదు. కాసేపు చూసి, ఫోను ఛార్జింగుకు పెట్టి, బర్రెల దగ్గరికి పోతాను.