తగిలినవాడే చెప్పాలి

దయ్యాల కథలు నేను చాలా చదివాను. కాలేజీ లైబ్రరీలో పని కాబట్టి అన్ని రకాల పుస్తకాలూ చేతికి వస్తాయి. చదివి మూసేసి నిద్రపోయేవాణ్ణి. ఏ కథా నన్ను ఒక్క నిమిషం కూడా మేలుకునేలా చేయలేదు. ఇప్పుడు రాస్తున్నది కథ కాదు. దీన్ని ఏమనాలో నాకు తెలియదు.

మా బావ రత్నం అశ్వారావుపేట దగ్గర ఒక పెయింట్‌బాల్ మైదానం నడిపేవాడు. పామాయిల్ తోటలు దాటాక, అడవికి ఆనుకొని నాలుగెకరాల టేకు తోట కిరాయికి తీసుకున్నాడు. గాలి నింపిన దిండ్లను అడ్డం పెట్టుకొని ఆడే ఆట కాదు ఇది. నిజమైన చెట్ల చాటున నక్కుతూ, పాకుతూ ఆడేది. రంగు గోళీ తగిలి పగిలితే ఆటగాడు అవుట్. సత్తుపల్లి, ఖమ్మం నుంచి కాలేజీ పిల్లలు, బ్యాంకు వాళ్లు వచ్చేవారు.

గోళీలు కొట్టే పరికరాన్ని మార్కర్ అంటారు. ఎవరైనా గన్ అంటే బావ ఊరుకునేవాడు కాదు. "మన దిక్కు ఆ మాట అనకుర్రి, లేనిపోని పంచాయితీ" అనేవాడు. తన మార్కర్‌కు నారింజ రంగు వేయించాడు. ఆటగాళ్లకు మచ్చల మచ్చల అడవి బట్టలు ఇచ్చేవాడు కాదు. నీలం చొక్కాల మీద తెల్లటి మందపాటి కోట్లు ఇచ్చేవాడు.

ఆట మొదలయ్యే ముందు అందరినీ హద్దు తాడు దగ్గర నిలబెట్టి ఒకే మాట చెప్పేవాడు. "ఈడ అంపైర్ లేడు. తగిలిందా లేదా అన్నది తగిలినోడే చెప్పాలె. చెయ్యి ఎత్తాలె, తాడు అవతలికి పోయి కూసోవాలె. గంతే."

నేను ఆదివారాల్లో వెళ్లేవాణ్ణి. ఆడితే ప్రతిసారీ ఓడిపోయేవాణ్ణి. "పుస్తకాలోడా, పేజీ తిప్పినట్టు నడుస్తున్నవేంది" అని బావ ఎగతాళి చేసేవాడు. అక్క నవ్వేది. నేనూ నవ్వేవాణ్ణి.

కిందటి వానాకాలం చివర్లో మా లైబ్రరీ వాళ్లను తీసుకెళ్లాను. ముసురు పడుతోంది. చివరికి మా జట్టులో నేను, అవతలి జట్టులో బావ మిగిలాం. ఒక టేకు చెట్టు వెనక వంగి కూర్చున్నాను. వీపు మీద, ఎడమ రెక్క కింద చురుక్కుమంది. బావ నా వెనక వైపు నుంచి వచ్చాడు.

చెయ్యి ఎత్తాల్సింది. ఎత్తలేదు. గిర్రున తిరిగి, చాటుకు ఒదిగినట్టు చెట్టు మొదలుకు వీపు ఆనించి రుద్దాను. తడి బెరడుకు పసుపు రంగంతా పోయింది. ఆ రంగు నీళ్లతో పోయే రకమే. తర్వాత మార్కర్ ఎత్తి బావను కొట్టాను. ఆయన చెట్టు చాటున కూడా లేడు. నేను అవుటయ్యానని నిలబడి ఉన్నాడు.

"బామ్మర్దీ, నేను కొట్టిన గదా?"

"తగల్లేదు బావా. కళ్లద్దాలు మార్చుకో."

అందరూ నవ్వారు. బావ నా కోటు చూశాడు. అది మొత్తం తడిసే ఉంది. "సరే, తగిలినోని మాటే మాట" అని నాకు చెయ్యి కలిపి, తాడు అవతలికి వెళ్లి కూర్చున్నాడు.

అంత చిన్న విషయం. మరుసటి వారం చెబుదామనుకున్నాను.

మరుసటి వారం వెళ్లేసరికి ఆయన ఖమ్మంలో కళ్ల డాక్టర్‌కు చూపించుకొని వచ్చాడు. చూపు బాగుందన్నారట. అయితే తప్పు మార్కర్‌ది అని తేల్చుకున్నాడు. వసారాలో పాత పేపరు పరిచి దాన్ని విప్పి, లోపలి రబ్బరు రింగులు మార్చాడు, గొట్టం తుడిచాడు. ఆ పై ఆదివారం మళ్లీ విప్పాడు. "ఇరవై అంగల మీద వీపంత పెద్దది ఎట్ల తప్పిందో అర్థమైతలేదు" అన్నాడు. నేను పక్కనే కూర్చొని టీ తాగుతున్నాను. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. ఎంత ఆలస్యమైతే ఆ మాట అంత బరువెక్కుతూ వచ్చింది.

చివరకు "ఇది ముసల్దైంది" అని కొత్త మార్కర్ ఆర్డర్ పెట్టాడు. స్టాక్ లేదు, నెలన్నర పడుతుందన్నారు. ఫోన్‌లో దాని ఫొటో అందరికీ చూపించేవాడు. "ఇది రానీ, బామ్మర్దీ. నీ వీపు జాగ్రత్త."

అది రాలేదు. ఒక పొద్దున ఛాతీలో నొప్పి అన్నాడు. కారులో ఖమ్మం దవాఖానాకు బయలుదేరారు. సత్తుపల్లి దాటేసరికే అయిపోయింది.

సమాధి చేసిన పదహారో రోజున పార్సిల్ వచ్చింది. అక్క దాన్ని తెరవకుండా నాకు ఫోన్ చేసింది. వెళ్లాను.

"ఆయన ఒక్కపారి పట్టుకోనన్న పట్టుకోలె" అంది. "పాతదాంతోని గురి తప్పుతున్నదని మస్తు ఫికర్ పెట్టుకున్నడు. నువ్వన్న కొట్టి సూడు తమ్మీ. ఎట్లున్నదో నాకు చెప్పు."

ఉతికి ఆరేసిన కోటు ఒకటి తీగ మీద నుంచి తీసి ఇచ్చింది. ఆ కోట్లన్నీ తనే ఉతికి పెట్టింది.

పొద్దున పదకొండు గంటలకు రెండు మార్కర్లూ తీసుకొని తోటకు వెళ్లాను. గేటుకు లోపలి నుంచి తాళం వేశాను. చెట్లు ఆకు రాల్చే కాలం. నేలంతా ఎండిన టేకాకులు. తొండ కదిలినా చప్పుడయ్యేంత నిశ్శబ్దం.

కొత్తది నల్లగా ఉంది. బావ ఉంటే ముందు దానికి రంగు వేయించేవాడు. పాతదానికన్నా తేలిక. వెనక గాలి సిలిండర్ బిగించాక కూడా ముందుకు వంగకుండా భుజానికి కుదిరింది. ట్రిగ్గర్ కొంచెం లాగితే చాలు. పాతది పేలినట్టు మోగుతుంది. ఇది ఎవరో నోరు మూసుకొని దగ్గినట్టు మోగింది. చేతిలో అదురు లేదు. ఆయనకు నచ్చేది.

ఒక స్టీలు పళ్లెం చెట్టుకు వేలాడదీసి, ఇరవై అంగల నుంచి పది గోళీలు కొట్టాను. అన్నీ నీలం రంగువే. తొమ్మిది తగిలాయి.

తర్వాత పళ్లెం తుడిచి, పాతదాంతో పది కొట్టాను. అవీ తొమ్మిది తగిలాయి.

దానికి ఏ లోపమూ లేదని నాకు ముందే తెలుసు. అయినా పళ్లెం మీద గుర్తులు మళ్లీ లెక్కపెట్టాను. రెండింటినీ కింద పెట్టి, ఒక మొద్దు మీద కూర్చున్నాను. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు.

వీపు మీద ఎడమ వైపు ఏదో తగిలింది. నొప్పి లేదు. చిన్న రాయి విసిరినట్టు. టేకు కాయ రాలిందనుకొని తిరిగి కూడా చూడలేదు.

గేటు పక్కనున్న షెడ్డు దగ్గరికి వచ్చి కోటు విప్పాక చూశాను. ఎడమ రెక్క కింద అరచేయంత పసుపు రంగు. మధ్యలో గుండ్రంగా, చుట్టూ చారలుగా. దూరం నుంచి గోళీ తగిలి పగిలితే పడే గుర్తు అది. రాసుకుంటేనో ఒరుసుకుంటేనో అలా పడదు. వేలితో తాకితే తడి.

నేను ఊహించుకున్నాననే అనుకొని అన్నీ చూశాను. నేను తెచ్చుకున్న సంచిలో ఉన్నవి నీలం గోళీలే. పసుపువి వానాకాలం ఆ ఆటతో అయిపోయాయి. ఆఖరివి బావే వాడాడు. రెండు మార్కర్ల గొట్టాల్లోనూ గుడ్డ దూర్చి చూశాను, నీలమే వచ్చింది. గేటు తాళం అలాగే ఉంది. ఎండుటాకుల మీద నా అడుగుల చప్పుడు తప్ప మరొకటి వినలేదు. గోళీ పేలిన చప్పుడూ వినలేదు. పాత మరక చెమటకు తేలిందా అంటే, ఆ రంగు ఒక్క ఉతుకుకు నిలవదు. అదీగాక ఆ రోజు పడింది నేనే రుద్దేశాను.

భయం వేసిందా అంటే, లేదు. అప్పుడు నాకు తోచింది ఒకటే. ఆ చెట్ల వైపు తిరిగి కుడి చెయ్యి పైకి ఎత్తాను. "తగిలింది బావా" అన్నాను. తాడు అవతలికి వెళ్లి, బెంచీ మీద కాసేపు కూర్చొని ఇంటికి వచ్చాను.

అక్క వసారాలో ఉంది. "ఎట్లున్నది?"

"కొత్తది బాగుంది. పాతదీ అంతే బాగుందక్కా. అప్పుడు కూడా బాగానే ఉంది."

మొత్తం చెప్పాను. చెట్టుకు వీపు రుద్దడం నుంచి ఈ పొద్దుటి దాకా. కోటు చూపించాను. ఆమె ఆ పసుపు మీద చెయ్యి పెట్టింది. నా మొహం చూడలేదు.

"రెండు నెల్లు ఆ మనిషి తన కండ్లను తనే నమ్మలె" అంది. కోటు ఒళ్లోకి తీసుకొని అడిగింది. "ఇయ్యాల చెయ్యి ఎత్తినవా?"

"ఎత్తిన."

ఆమె లేచి, కోటును బకెట్లో ముంచింది. వద్దు, ఉంచుదాం అనబోయాను. అలా అడిగే హక్కు నాకు లేదనిపించింది.

అందుకే మీకు చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆ రంగు ఎక్కడి నుంచి వచ్చిందో ఈ రోజుకీ చెప్పలేను. నీళ్లు పసుపుగా మారడం మాత్రం ఇద్దరం చూశాం.