ఎవరికీ తెలియని తెలుగు

ఎనిమిదో క్లాసుని మా బళ్లో నా అంత శ్రద్ధగా చదివినవాళ్లు లేరు. మూడేళ్లు చదివాను. నాలుగో ఏడు హెడ్‌మాస్టరు మా నాయన్ని పిలిపించి, "వీడూ ఆ బెంచీ అతుక్కుపోయినారు, రెండిట్నీ కలిపి తీసుకుపోండి" అన్నాడు. తీరా వెళితే బెంచీ ఇవ్వలేదు. నన్నొక్కణ్ణే ఇచ్చి పంపారు.

అట్లా మీసం రాకముందే జార్జి టౌన్‌లో మా నాయన గుండీల అంగట్లో కూర్చున్నాను. చొక్కా గుండీలు, జిప్పులు, రవికె హుక్కులు, అంతా టోకు బేరం. ఆ సందు ఎంత ఇరుకంటే, చేతిబండి ఒకటి వచ్చిందంటే దారిన పోయేవాడు తప్పుకోను మా అంగడి మెట్టెక్కాల్సిందే. ఎక్కినవాణ్ణి ఒక జోకైనా చెప్పకుండా దించేవాణ్ణి కాదు. చదువు లేని లోటుని నోటితో పూడ్చుకుంటూ వచ్చాను. ఆ నోటికి రోజూ దొరికే మనిషి మాత్రం ఒక్కరే, మా ఇంటామె.

ఆమె పదో క్లాసు పాసు. అందుకని గిరాకీల ముందు "మా కలెక్టరమ్మ" అనేవాణ్ణి. కారం ఎక్కువైతే ఒక జోకు, ఉప్పు తక్కువైతే ఇంకొకటి. మా అన్న కూతురి సీమంతం నాడు హాల్లో ఆడవాళ్లంతా చాపలు పరుచుకుంటుంటే, "ఈమె పక్కన ఎవురు పడుకుంటారో ముందే చెప్పండమ్మా. సెంట్రల్ స్టేషన్లో పడుకున్నట్టే, పది నిమిషాలకొక బండి కూత వేస్తాది" అన్నాను. ఇల్లంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది. ఆ తర్వాత ఆమె ఏ చుట్టాలింట్లోనూ రాత్రి నిలవలేదు. ఎంత పొద్దుపోయినా సరే, ఆటో దొరికినా దొరక్కపోయినా, ఇంటికి పోదామనేది. ఇంటి మీద మమకారం అనుకున్నాను. అనుకుని ఊరుకోలేదు, దాని మీద కూడా ఒక జోకు తయారుచేశాను.

మా పెళ్లయి ఇరవై అయిదేళ్లు నిండిన నెలలో, షోళింగనల్లూరులో కంప్యూటర్ల ఆఫీసుకి పోయే మా కూతురు మా ఇద్దరికీ ఒక ఏర్పాటు చేసింది. పళవేర్కాడు, అదే పులికాట్ సరస్సులో ఒక దీవి, దీవిలో చేపలు పట్టేవాళ్ల ఇల్లు, ఆ ఇంట్లో వచ్చినవాళ్లకని కట్టిన ఒక గది. శనివారం పోయి ఆదివారం రావడం. ఫోన్లో ఆ ఇంటావిడతో మాట్లాడిందంతా తమిళమే, మా పిల్లకి ఇంట్లో తప్ప తెలుగు నోట్లోకి రాదు. ఫోన్ పెట్టేసి నాతో, "నాయనా, అమ్మ అడక్క అడక్క అడిగింది. నువ్వు కొంచెం వాయి మూసుకోనుండు, సరియా?" అంది. వాయంటే నోరు. మా ఇంట్లో ప్రతి మాటా సగం దూరం తెలుగులో నడిచి మిగతా సగానికి తమిళం బస్సెక్కుతుంది.

మా ఇంటామెకి ఆ దీవి మీద ఎందుకంత మనసు పడిందో తర్వాత తెలిసింది. పొద్దున్నే సరస్సులో గులాబీరంగు కొంగలు గుంపుగా దిగుతాయని ఎవరి ఫోన్లోనో చూసిందట. నీళ్ల చప్పుడు వింటూ నిద్రపోయి, లేచి ఆ కొంగల్ని చూడాలి. అంతే ఆమె కోరిక.

పొన్నేరి స్టేషన్లో రైలు దిగి బస్సు కోసం నిలబడ్డప్పుడు, "ఏమండి, ఒక మాట" అంది.

"పెళ్లిరోజు కదా, రెండు చెప్పు."

"నవ్వులాట కాదు. ఈ రెండు దినాలూ నా మీద జోకులెయ్యబాకండి. ఆ గురక మాట అసలుకే వొద్దు. ఒక్క రేత్రి వేరే ఊర్లో హాయిగా నిద్రపోవాలని ఉండాది నాకు."

"ఒట్టు" అని ఆమె నెత్తిన చెయ్యి పెట్టబోయాను.

ఆమె నా చెయ్యి తోసేసి, "ఒట్టు వొద్దు, ఊరికే సరే అనండి చాలు" అంది.

సరే అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

మోటారు పడవలో అరగంట. రేవులో ఆ ఇంటావిడే ఎదురొచ్చింది. మా వయసే ఉంటుంది. చీర మీద మగవాళ్ల చొక్కా తొడుక్కుని ఉంది. నేను తమిళంలో వణక్కం అక్కా అన్నాను, ఆమె తమిళంలో రండి రండి అంది. ఇక అంతా తమిళమే నడిచింది.

ఇక్కడ మా అలవాటొకటి చెప్పాలి. తాతల కాలం నుంచీ చెన్నైలో ఉన్న మాలాంటివాళ్లకి తెలుగు ఇంటి భాష మాత్రమే కాదు, బజార్లో మేం చాటుకి పట్టుకునే తెర కూడా. మైలాపూరులో చీరలంగడివాడి ముందే, "రంగు పోతాదే, లెయ్" అంటే వాడు నవ్వుతూ ఇంకో చీర విప్పుతాడు. రైల్లో ఎదురుగా కూర్చున్నవాడి ముక్కు గురించి వాడి ముందే తీరిగ్గా మాట్లాడుకుంటాం. మా తల్లిదండ్రులు అట్లాగే మాట్లాడారు, మేమూ అంతే. తెలుగొస్తే మనవాడు, రాకపోతే గోడ.

ఆ ఇంటావిడ టీ తెచ్చిచ్చింది. గాజు గ్లాసుల్లో పల్చటి టీ. ఆమె అటు తిరగ్గానే, "ఏమే, ఇది టీ కాదు, సరస్సు నీళ్లే వేడిచేసి తెచ్చినాది. చూసి తాగు, రొయ్య తగలొచ్చు" అన్నాను.

మా ఇంటామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఆ నవ్వు నేను చాలా ఏళ్లుగా వినలేదు. నా జోకులకి ఆమె నవ్వేది నిజమే గానీ, అది బాకీ తీర్చినట్టు ఉండేది. ఇది వేరే. ఎన్నాళ్లకో జోకు ఆమె మీద కాకుండా ఇంకొకరి మీద పడింది. ఆమె నా పక్క నిలబడి నవ్వుతోంది. నాకు కొత్త పెళ్లికొడుకులా గర్వం పుట్టింది. ఆపలేదు.

"మొగుడి చొక్కా ఈమె ఏసుకునుండాదే, పాపం ఆ మొగుడేం ఏసుకుంటాడో" అన్నాను. అనీ అనకముందే వల భుజానేసుకుని ఇంటాయన వాకిట్లోకి వచ్చాడు. ఒట్టి లుంగీ, పైన చొక్కా లేదు. మా ఇంటామెకి పొరబోయింది. ఇంటావిడ పరుగున నీళ్లు తెచ్చి ఆమె నెత్తి మీద తట్టింది కూడా. ఏమైందమ్మా అని తమిళంలోనే అడిగింది. మొహంలో ఏమీ కనబడలేదు.

మధ్యాహ్నం అరుగు మీద చాప పరిచి అన్నం పెట్టారు. రొయ్యల కూర, వేయించిన చేపలు, రసం. ఇంత రుచి నేను ఎక్కడా తినలేదు, ఆ మాట చెప్పుంటే సరిపోయేది. ఇంటావిడ ఆ చేప ముక్కల్ని చేత్తోనే తీసి విస్తట్లో పెడుతోంది. ఉప్పు నీళ్లల్లో నాని నాని పగిలిన చేతులు, గోళ్ల చుట్టూ నలుపు. నాకు మళ్లీ ఆ కొంగు చాటు నవ్వు కావాలనిపించింది.

"ఆ చేతులు చూడవే. ఎండుచేపలు ఆ చేతుల్ని చూస్తే అన్నదమ్ములు అనుకుంటాయి" అన్నాను.

ఈసారి మా ఇంటామె నవ్వలేదు. ఇంటావిడ చెయ్యి నా విస్తరి మీద అట్లాగే గాల్లో ఆగింది. ముక్కని మళ్లీ పళ్లెంలో పెట్టేసి, లేచి తొట్టి దగ్గరికి పోయి చేతులు కడుక్కుంది. సబ్బు రుద్ది కడుక్కుంది. లోపలికి పోయి గరిటె తెచ్చి, నా ముందు వంగి, అచ్చం మా అమ్మ మాట్లాడే తెలుగులో అంది:

"గరిటెతోనే ఏస్తాలే అన్నా. చెయ్యి తగల్దు."

అంటే, టీ మాట విన్నది. చొక్కా మాట విన్నది. ఆ దీవి అంతా రెండు భాషలూ మాట్లాడతారని, ఆంధ్రా సరిహద్దు ఆ నీళ్ల మధ్యలోంచే పోతుందని నాకు తెలుసు. తెలిసీ గుర్తుకు రాలేదు. మొదటి మాటకే ఆమె తెలుగులో బదులిచ్చుంటే నేను సిగ్గుపడేవాణ్ణని, ఇంటికొచ్చినవాళ్లని సిగ్గుపెట్టడం బాగుండదని ఊరుకుందట. ఇది ఆమె తర్వాత మా ఇంటామెతో చెప్పింది.

అప్పుడైనా తప్పయిపోయింది అక్కా అని ఒక్క మాట అని తలొంచుకుని ఉంటే ఇది రాసే పనే ఉండేది కాదు. కానీ నాకు తెలిసిన పని ఒకటే, మనుషులు కోపంగా ఉంటే నవ్వించడం. నవ్వించను చేతికి దొరికే సరుకు కూడా ఒకటే.

"నా మాటలు పట్టించుకోబాక అక్కా" అన్నాను. "నాకంటే పెద్ద తంటా రేత్రికుండాది మీకు. ఈమె గురక మొదలుపెట్టిందంటే, మోటారు పడవ వచ్చిందని ఊరంతా లేచి రేవుకి పోతారు."

ఎవరూ నవ్వలేదు. ఇంటాయన వల సర్దుకుంటున్నవాడు చెయ్యి ఆపాడు. ఇంటావిడ నన్ను చూడలేదు, మా ఇంటామెని చూసింది. నేను ఆమె వైపు తిరగడానికి చాలాసేపు పట్టింది. తిరిగేసరికి ఆమె తన విస్తరిని ఇంటావిడ వైపు కొంచెం జరిపి, "నాకు చేత్తోనే పెట్టక్కా" అంది.

ఇంటావిడ గరిటె పక్కన పెట్టి చేత్తోనే పెట్టింది. మా ఇంటామె ఆ ముక్కా తిన్నది, ఇంకొకటీ అడిగి తిన్నది. నేను తల ఎత్తలేదు.

సాయంత్రందాకా ఆడవాళ్లిద్దరూ పెరట్లో కూర్చుని రొయ్యలు ఒలిచారు. గుసగుసలు, మధ్యలో నవ్వులు, అంతా తెలుగే. నేను ఇంటాయన దగ్గరికి పోయి కూర్చున్నాను. కాసేపటికి ధైర్యం చేసి, "తప్పయిపోయిందన్నా" అన్నాను.

ఆయన వల మీది చూపు తిప్పకుండా, "నా చేతుల్నా నువ్వు అనింది? ఆమెతో చెప్పు పో" అన్నాడు.

పోయాను. నన్ను చూడగానే ఇద్దరి నవ్వులూ ఆగిపోయాయి. దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలు నోటిదాకా వచ్చి ఒక్కటీ దిగలేదు. ఏదో ఒకటి అనాలి కదా అని, "అక్కా... చొక్కా బాగుండాది" అన్నాను. భగవంతుడి సాక్షిగా అది జోకు కాదు. ఆమె రొయ్య తల తుంచి పక్కన పడేసి, "కావాల్నంటే తీసుకుపో అన్నా, దీనికి రెండు గుండీలు లేవు" అంది. గుండీల వ్యాపారినని మా ఇంటామె చెప్పినట్టుంది. మా ఇంటామె నవ్వింది. ఆ నవ్వు నా మీద పడ్డది, వెచ్చగా చెంప మీద పడ్డది. ఎట్లా ఉంటుందో నాకు మొదటిసారి తెలిసింది.

మర్నాడు లేచేసరికి ఎండ గదిలోకి వచ్చేసింది. పక్కన మా ఇంటామె దుప్పటి, రాత్రి ఇంటావిడ ఇచ్చినప్పుడు ఉన్న మడతతోనే ఉంది. ఒక్క మడత కూడా విప్పలేదు. దిండు నలగలేదు.

వాకిట్లోకి వస్తే ఇంటావిడ ముగ్గు పెడుతోంది. నేనడక్కుండానే చెప్పింది. "తెల్లారిందాకా అరుగు మీదనే కూచోనుండాది. లోపల పడుకోమ్మా అంటే నిద్ర రాలేదంటాది. కొంగలు దిగినప్పుడు పిలిచినాను, చూసినాది." కొంచెం ఆగి, "పడవ మోటారు మాత్రం ఇన్నాములే అన్నా, తెల్లారేదాకా. అది ఆమెది కాదు" అంది.

ఆ మాటకి ఇంకెప్పుడైనా నవ్వేవాణ్ణి. నిద్రపోను వచ్చిన మనిషి కూర్చుని తెల్లవార్చింది, నేను హాయిగా నిద్రపోయాను.

వచ్చేటప్పుడు ఇంటావిడ మా ఇంటామెకి ఎండు రొయ్యల పొట్లం ఇచ్చింది. రేవులో అందరూ ఉండగా నేను ఆమె ముందు చేతులు జోడించి, "తప్పయిపోయిందక్కా, క్షమించు" అన్నాను, ముందూ వెనకా ఏమీ తగిలించకుండా. ఆమె "సరేలే అన్నా, జాగ్రత్తగా పోయిరండి" అంది. అది క్షమించడమో, పంపించెయ్యడమో నాకు తెలియలేదు.

పొన్నేరి నుంచి రైలు. ఎదురు బెంచీలో ఎవరెవరో కూర్చున్నారు. నేను మామూలుగా నోరు తెరవబోయి, ముందు అందరి మొహాలూ చూసి, గొంతు బాగా తగ్గించాను.

"నువ్వే చెప్పు. ఆమెకి తెలుగొచ్చని తెలిసుంటే నేను అట్ట మాట్లాడుందునా?"

ఆమె కిటికీలోంచి చూపు తిప్పలేదు.

"నాకొచ్చునని తెలుసుగదండి" అంది.