ఆరు కుర్చీలు, ఆరు రంగులు

ఆస్పత్రి క్యాంటీన్‌లో ముప్పై ఏళ్లు బూడిదరంగు కుర్చీలు తుడిచిన ఆవిడ, ఉద్యోగం మానేసిన వారానికే పాత సామాన్ల కొట్టునుంచి ఆరు చెక్క కుర్చీలు తెచ్చింది. ఏ రెండింటికీ పోలిక లేదు. పాత పాలిష్ గీకకుండా తొందరపడి రంగేస్తే పెచ్చులూడింది. అయినా పట్టు వదల్లేదు. అరచేతులు మండేదాకా గరుకు కాగితంతో రుద్ది, ఒక్కోదానికి ఒక్కో రంగు మళ్లీ వేసింది.

భర్త అన్నగారు భోజనాల గది చూసి పెదవి విరిచారు. "ఇదేమన్నా సర్కస్ డేరానా అమ్మా? అన్నిటికీ ఒకే రంగు వెయ్యకపోయావా?" అంటూ, ఆవిడ వద్దంటున్నా వినకుండా పసుపు కుర్చీలో దర్జాగా కూర్చున్నారు. లేచేసరికి తెల్ల ప్యాంటు వెనక పసుపు చారలు తేలాయి.

"ఒకే రంగు ముప్పై ఏళ్లు చూశాను బావగారూ, ఇక చాలు," అంది ఆవిడ బ్రష్ అందుకుంటూ. "కాస్త జరగండి. మీరు పట్టుకుపోతున్న రంగు మళ్లీ వెయ్యాలి."