భూమేశ్ పెట్టించిన వాల్వ్

బాన్సువాడలో మోటార్లు బాగుచేసేవాళ్ళలో భూమేశ్ చెయ్యి మంచిదని పేరు. నడుస్తున్న మోటారు మీద అరచెయ్యి ఆనించి, ఆ వణుకును బట్టే లోపల ఏం పాడైందో చెప్పేవాడు. నాట్ల రోజుల్లో వర్ని వైపు రైతులు అతని షట్టర్ లేవకముందే వచ్చి గడప మీద కూర్చునేవాళ్ళు. అదంతా మూడేళ్ళ కిందట, ఆకిబ్ బిచ్కుంద రోడ్డులో సొంత దుకాణం పెట్టకముందు మాట.

ఆకిబ్ ఆరేళ్ళపాటు పని నేర్చుకున్నది భూమేశ్ దగ్గరే. ఇప్పుడు ముప్పై దాటాడు. ఫోన్‌లో వీడియోలు చూసి కొత్త రకం పంపుల సంగతి పట్టేస్తాడు. రైతు పిలిస్తే పొలానికే పోతాడు. ఎవరైనా అతన్ని మెచ్చుకుంటే భూమేశ్ కింద పడిన నట్టు కోసం వెతుకుతున్నట్టు వంగేవాడు. మొన్న ఇంట్లో మిక్సీ ఆగిపోతే భార్య సుజన దాన్ని కూడా ఆకిబ్ దగ్గరే బాగుచేయించుకొచ్చింది.

"ఇంట్ల మెకానిక్‌ను పెట్టుకొని బయట ఇచ్చినవా?"

"నీకు ఇరవై దినాలు చెప్పిన. గాయన ఇరవై నిమిషాల్ల చేసిచ్చిండు," అంది సుజన.

ఆ మిక్సీలో రుబ్బిన పచ్చడి రెండు రోజుల దాకా భూమేశ్ గొంతు దిగలేదు.

అప్పుడే నిజాంసాగర్ నీళ్ళ ఒడ్డున రిసార్ట్ నడిపే నవనీత్ ఒక పాత వేక్‌బోర్డ్ పడవ కొనుక్కొచ్చాడు. దాని వెనక భాగంలో కుడికొకటి, ఎడమకొకటి పెద్ద రబ్బరు సంచులుంటాయి. దేని పంపు దానికి నడిపి నీళ్ళు నింపితే పడవ వెనక బరువెక్కి కుంగుతుంది. అలా కుంగి పరుగెత్తితే వెనకాల ఎత్తైన అల లేస్తుంది. కాళ్ళకు పలక కట్టుకుని, పడవకున్న తాడు పట్టుకుని, ఆ అల మీద జారడమే ఆట. ఆట అయ్యాక అవే పంపులను తిరగతిప్పితే సంచులు ఖాళీ అవుతాయి. కానీ ఎడమ సంచిలో నీళ్ళు నిలవడం లేదు. నింపిన కాసేపటికే వెనక్కి జారిపోతున్నాయి. నవనీత్ పిలిచింది ఆకిబ్‌ను.

ఆ సంగతి చెవినపడ్డ రోజే భూమేశ్ వర్ని పోతున్నానని ఇంట్లో చెప్పి, బండిని నిజాంసాగర్ వైపు తిప్పాడు.

ఒడ్డున పదిమంది మూగి ఉన్నారు. ఆకిబ్ ఎడమ పంపు మూత విప్పి, లోపలున్న రబ్బరు రెక్కల చక్రాన్ని నవనీత్‌కు చూపిస్తున్నాడు.

"రెక్కలు అరిగినయ్ సార్. గా సందులకెళ్లే నీళ్ళు వాపస్ వస్తున్నయ్. కొత్త చక్రం తెప్పియ్యాలె. వారం పడ్తది."

నవనీత్ అంత శ్రద్ధగా తలూపడం చూసి భూమేశ్ గుంపును తోసుకుని ముందుకొచ్చాడు.

"వారమెందుకు?" అన్నాడు, అందరికీ వినబడేట్టు. "నీళ్ళు వాపస్ పోకుంట బాయి మోటర్‌కు ఏం పెడ్తం? ఫుట్‌వాల్వ్. పైపుల గసోంటిదొకటి పెడ్తే అయిపాయె. వర్నిల ఏ రైతునడిగినా చెప్తడు. గింత తెల్వదా నీకు?"

కొందరు నవ్వారు. ఆకిబ్ చక్రాన్ని పంపులో తిరిగి పెట్టి మూత బిగించాడు.

"ఉస్తాద్ చెప్తుండు గద సార్. పెడ్త," అన్నాడు చివరికి.

భూమేశ్ బండి పెట్టెలోంచి ఇత్తడి వాల్వ్ తీసి అందించాడు. అది నీటిని ఒక్క వైపుకే పోనిస్తుంది. ఆకిబ్ దాన్ని ఎడమ పైపులో పెట్టి క్లిప్పులు బిగించాడు. సంచి నిండింది, నీళ్ళు నిలిచాయి. పడవ రెండు చుట్లు తిరిగింది, వెనక అల ఎత్తుగా లేచింది. చాలా నెలల తర్వాత భూమేశ్ భుజాలు నిటారుగా నిలిచాయి.

పడవ ఒడ్డుకొచ్చాక నవనీత్ సంచులు ఖాళీ చేయించబోయాడు. కుడిది ఖాళీ అయింది. ఎడమ పంపు ఊరికే అరిచింది, చుక్క బయటికి రాలేదు. పడవ ఎడమకు ఒరిగింది. రబ్బరు కాలిన వాసన వచ్చింది.

భూమేశ్‌కు అప్పుడర్థమైంది. బావి మోటారు నీళ్ళను ఎప్పుడూ ఒక్క వైపే తోస్తుంది. ఇక్కడ నీళ్ళు పోయేదీ వచ్చేదీ ఒకే పైపులోంచి. లోపలికి పోయిన నీళ్ళకు తన వాల్వే తలుపు మూసింది.

నవనీత్ పంపు ఆపి ఆకిబ్ మీద పడ్డాడు. "పంపు గూడ కాలవెడ్తవా? ఎవలేం చెప్పినా పనికి పిల్చింది నిన్ను. రేపటిసంది రాకు. హైదరాబాద్ నుంచి వేరేటోణ్ణి పిలిపిస్త."

ఆకిబ్ తలదించుకున్నాడు. తప్పు ఉస్తాద్‌దేనని చెప్తాడని భూమేశ్ ఎదురుచూశాడు. చెప్తే ఎదురు తిట్టవచ్చు. చెప్పలేదు. ఎవరూ భూమేశ్ వైపు చూడలేదు. మెల్లగా బండెక్కితే చాలు. మూడేళ్ళుగా లోలోపల కోరుకున్నది ఇదే, ఆకిబ్ నలుగురిలో తలదించుకోవడం. తీరా కళ్ళముందు జరుగుతుంటే చూడబుద్ధి కాలేదు.

"సార్, ఆయన్ననకుండ్రి," అన్నాడు. "వాల్వ్ నాది. మాట గూడ నాదే."

ప్యాంటు మడిచి నీళ్ళలో దిగి పడవెక్కాడు. ఆకిబ్ వెనకాలే వచ్చాడు. క్లిప్పులు రెండు తిప్పులకే ఊడొచ్చాయి. వాల్వ్ తీసి పైపు మళ్ళీ కలిపాక పంపు కాస్త మొరాయించినా నీళ్ళు బయటికి దూకాయి. పడవ మెల్లగా సమంగా లేచింది.

"క్లిప్పులు గట్ల లూజుగ పెట్టినవేంది?" అని మెల్లగా అడిగాడు ఆకిబ్‌ను.

"మల్ల విప్పాల్సొస్తదని తెల్సు ఉస్తాద్."

"తెల్సి ఎందుకు పెట్టినవ్?"

"గిరాకీ ముంగట నీ మాట తీసేస్తనా? నువ్వు పోయినంక తీసేద్దామనుకున్న. సారే జల్దీ చేసిండు."

భూమేశ్ వాల్వ్‌లోని నీళ్ళు దులిపి జేబులో వేసుకున్నాడు. పనిలో తనను మించాడని కుళ్ళుకోవడం అతనికి అలవాటే. మర్యాదలో కూడా మించాడంటే ఆ కుళ్ళును ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

ఒడ్డు మీంచి నవనీత్ కేకేశాడు. "ఆకిబ్, గా కొత్త చక్రమే తెప్పియ్యి. నువ్వే పెట్టు."

భూమేశ్ ప్యాంటు అంచులు పిండుకున్నాడు.

"చక్రం వచ్చిననాడు ఫోన్ చెయ్యి," అన్నాడు. "నేర్సుకుంట అంటలేను. చూస్త అంటున్న."