మైకు మావయ్యకు గొంతు బిగించిన ఆదివారం

కంప్యూటరు డబ్బా మూత విప్పి లోపలికి చూడటమంటే గర్భగుడి తలుపు తోసి చూసినంత సాహసమని మేమంతా నమ్మే రోజులవి. అప్పట్లో మా ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో ఎవరింట్లోనైనా కంప్యూటరు ఉంటే దానికొక గుడ్డ తొడుగు, ఆ తొడుగుకు లేసు అంచు, ముట్టుకునే ముందు చేతులు కడుక్కోవాలన్న ఆచారం తప్పకుండా ఉండేవి. నేను డిప్లొమా పూర్తిచేసి ఊళ్ళోనే ఒక కంప్యూటర్ శిక్షణ కేంద్రంలో ల్యాబ్ అసిస్టెంటుగా కొత్తగా చేరాను. (అదేదో పెద్ద ఉద్యోగమనుకునేరు. పొద్దున్నే తెరల మీద దుమ్ము తుడవడం, సాయంత్రం స్విచ్చులు ఆపడం, మధ్యలో ఎవరి మౌసైనా మొరాయిస్తే దాని పొట్టలో బంతి తీసి కడిగిపెట్టడం.) అయినా మా బంధువర్గంలో నాకు 'ఇంజినీరు' అని పేరు పడిపోయింది. ఆ పేరును సరిదిద్దే ప్రయత్నం నేనెన్నడూ చేయలేదు. ఎవరైనా పొగుడుతుంటే మధ్యలో అడ్డుపడటం మర్యాద కాదు కదా.

మా అమ్మకు అన్నగారు ఒకాయన ఉండేవారు. స్టేషన్‌లో బండ్ల రాకపోకలను మైకులో చెప్పే ఉద్యోగం ఆయనది. మేము మైకు మావయ్య అనేవాళ్ళం, బెంగాలీలు మైకు అన్నగారన్నట్టు 'మైక్‌దా' అనేవారు. ఇంట్లో నోరు విప్పితే అచ్చమైన శ్రీకాకుళం యాస. మైకు ముందు కూర్చుంటే మాత్రం హిందీ, బంగ్లా, ఇంగ్లీషు మూడూ ఒకదాని వెనుక ఒకటి, పాలిష్ చేసిన బూట్లు వేసుకుని నడిచినట్టు వచ్చేవి. అంత పొడవైన ప్లాట్‌ఫారం ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఆయన గొంతే. బండి బాగా ఆలస్యమని చెప్పినా, ఆయన చెప్పే తీరుకు జనం కోపం తెచ్చుకోకుండా బెంచీల మీద సర్దుకుని కూర్చునేవారు. అలాంటి మనిషికి గొంతులో పుండు లేచింది. ప్రాణం నిలవాలంటే గొంతు వదులుకోవాలన్నారు డాక్టర్లు. ఆపరేషన్ అయ్యాక మావయ్య, ఊపిరి కోసం మెడకు పెట్టిన రంధ్రం మీద పలుచటి తువ్వాలు చుట్టుకుని, చేతిలో బడిపిల్లల పలక, బలపం పట్టుకుని ఇంటికొచ్చారు.

ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే నవ్వాలో ఏడవాలో ఇప్పటికీ తెలియదు. మాట పోయిన మనిషికి చెవులు కూడా పోయాయని లోకం ఎందుకు అనుకుంటుందో గానీ, చూడవచ్చిన ప్రతివాళ్ళూ ఆయన చెవి దగ్గర నోరుపెట్టి అరిచేవారు. పక్క క్వార్టరు కాకీమా అయితే (కాకీమా అంటే మా ఊళ్ళో బెంగాలీ పిన్నిగారు) ఇంకో మెట్టు పైకెక్కి, ఆయన చేతిలోని పలకే లాక్కుని తను చెప్పదలుచుకున్నది రాసి చూపించేది. మావయ్య మొదట్లో నవ్వేవారు. తర్వాత టీ కొట్టుకు వెళ్ళడం మానేశారు. ఆ తర్వాత వీధి వైపు కుర్చీ వేసుకోవడం కూడా మానేసి, పెరటి గోడ వైపు తిరిగి కూర్చునేవారు. బండి కూత వినిపిస్తే ఆయన పెదవులు కదిలేవి. అది చూసి మా అత్త గబుక్కున వంటింట్లోకి వెళ్ళిపోయేది.

మా ల్యాబ్‌లో ఒక కంప్యూటరుకు, మనం ఇంగ్లీషు అక్షరాల్లో ఏది కొట్టినా పైకి చదివి వినిపించే ప్రోగ్రాం ఒకటుండేది. నేను ఆ మాట మావయ్య చెవిన వేశాను. ఆయన పలక మీద 'నిజమా?' అని రాసి, బలపం పట్టుకుని నా ముఖంలోకే చూస్తూ ఉండిపోయారు. ఆ చూపుకు కట్టుబడి, కలకత్తా వెళ్ళి సామాన్లన్నీ కొనుక్కొస్తాననీ, మొత్తం నా చేతులతోనే బిగిస్తాననీ చెప్పేశాను. కలకత్తా దుకాణం వాడు తనే బిగించి ఇస్తానని ఎంతో బతిమాలాడు. ఇంజినీరును కదా, ఒప్పుకోలేదు. విడి అట్టపెట్టెలతో లోకల్ బండిలో, వాటిని ఒళ్ళో పెట్టుకుని పసిబిడ్డల తండ్రిలా ఊరు చేరాను. (అసలు నిజం ఏమిటంటే, అప్పటిదాకా నేను బిగించినవి స్క్రూలు తప్ప మరేమీ కావు. కంప్యూటరుకు మెదడులాంటి ప్రాసెసరు అనేదాన్ని పుస్తకంలో బొమ్మగానే చూశాను.)

ఆదివారం పొద్దున్న మావయ్య ఇంటి ముందు గదిలో మంచం మీద తెల్ల దుప్పటి పరిచి, దాని మీద అట్ట పరిచి, అట్ట మీద, భాగాలన్నిటినీ తగిలించే మదర్‌బోర్డు పెట్టాను. మా అత్త దానివైపు చాలాసేపు చూసి, "ఇదేటిరా, ఓవర్‌బ్రిడ్జి మీదనుంచి యార్డు సూసినట్టుంది" అంది. నిజమే. సన్నటి పట్టాలు, పక్కదారులు, చిన్న చిన్న షెడ్లు, నడుమ ఖాళీ చౌకం ఒకటి. ఒంట్లోని కరెంటు దానికి సోకకూడదని నేను ఇనుప బీరువాను ముట్టుకుని వచ్చి కూర్చున్నాను. అత్తకు కారణం సగమే అర్థమైంది, ఆచారం మాత్రం పూర్తిగా అర్థమైంది. కాకీమాతో సహా గడప దాటిన ప్రతివాళ్ళ చేతా బీరువా ముట్టించి, కళ్ళకద్దుకోమని చెప్పి మరీ లోపలికి పంపింది.

ప్రాసెసరు పెట్టె విప్పాను. ఇంత పెద్ద పెట్టెలో ఇంత బిళ్ళ. అగ్గిపెట్టె కన్నా చిన్నది. పైన వెండి మూత, కింద బంగారు చుక్కలు, దగ్గర దగ్గరగా, ముగ్గు వేయడానికి చుక్కలు పెట్టి గీతలు మరిచిపోయినట్టు. కాకీమా వంగి చూసి "ఓ మా, ఏతో ఛోటో" అంది, ఎంత చిన్నదో అని. మావయ్య దాన్ని అరచేతిలో పెట్టమన్నట్టు చెయ్యి చాపారు. అంచులు పట్టుకుని పెట్టాను. ఆయన ఊపిరి తగులుతుందేమోనన్నట్టు మెడ తువ్వాలును చేత్తో అదుముకుని, ఆ బిళ్ళను కిటికీ వెలుతురులో అటూ ఇటూ వంచి చూశారు. గది మొత్తం నిశ్శబ్దమైపోయింది. అంత పెద్ద గొంతు తిరిగి ఇంత చిన్న బిళ్ళలోంచి రావాలి. ఆ క్షణంలో నాకు మొదటిసారి భయమేసింది. అప్పటిదాకా వేసింది భయం కాదు, ఉత్త చెమట.

బోర్డు మధ్యనున్న చౌకం మూత ఎత్తితే లోపల వెంట్రుకల్లాంటి తీగలు, వరి నూగులా నిలబడి ఉన్నాయి. ఒక్కటి వంగినా అంతే సంగతులు. బిళ్ళ మూల మీద ఉన్న త్రికోణం గుర్తును, చౌకం మూలనున్న గుర్తుతో కలిపి, నొక్కకుండా, జారవిడవకుండా, నిద్రపోతున్న పసివాడిని ఉయ్యాల్లో పడుకోబెట్టినట్టు దించాను. కుదురుకుంది. ఇక పక్కనున్న కమ్మీని కిందికి నొక్కి తగిలించాలి. నొక్కితే అది ఎదురు తిరిగింది. ఇంకాస్త నొక్కాను. లోపల నుంచి కరకరమని, అప్పడం విరిచిన చప్పుడు వచ్చింది. నా ప్రాణాలు పైకి పోయాయి. సరిగ్గా అదే సమయానికి, శుభకార్యం పూర్తయిందనుకున్న కాకీమా, చీర కొంగు చాటున దాచి తెచ్చుకున్న శంఖం పూరించింది. నేను ఎగిరిపడ్డాను. కమ్మీ దానంతట అదే వెళ్ళి కొక్కేనికి తగులుకుంది. (ఆ కరకర చప్పుడు ప్రతి బోర్డుకూ మామూలేనని తర్వాత తెలిసింది. శంఖం మాత్రం మామూలు కాదు.)

మిగిలింది హీట్ సింక్. ప్రాసెసరు వేడిని లాగేసే అల్యూమినియం దిమ్మ అది, నెత్తిన చిన్న ఫ్యాను, చుట్టూ ప్లాస్టిక్ కాళ్ళు. వేడి దిమ్మకు ఎక్కడానికి దాని అడుగున బూడిద రంగు పేస్టు పూసి ఉంటుంది. అది చూసి అత్త తడిగుడ్డ పట్టుకుని "సరుక్కి మట్టంటుకున్నాదిరా, తుడిసీనా?" అని ముందుకొచ్చింది. సమయానికి చెయ్యి పట్టుకుని ఆపాను. కాళ్ళను బోర్డు రంధ్రాల్లోకి దించి ఒక్కొక్కటే నొక్కాను. బోర్డు అట్టముక్కలా వంగుతుంటే అందరూ కళ్ళు మూసుకున్నారు, నాతో సహా. ప్రతి కాలూ టక్కుమంది. ప్రతి కాలు నెత్తినా ఒక బాణం గుర్తుంది. బాణం ఉందంటే అటు తిప్పి బిగించమనే కదా అని, ప్రతి కాలునూ బాణం వైపు గట్టిగా తిప్పి, తృప్తిగా చేతులు దులుపుకున్నాను.

తీగలన్నీ కలిపి స్విచ్చు వేశాను. ఫ్యాను గిర్రున తిరిగింది. తెర మీద తెల్లటి అక్షరాలు వరసగా పడ్డాయి. అత్త దండం పెట్టింది. అంతలో ఠపీమని మొత్తం ఆగిపోయింది. మళ్ళీ వేశాను, మళ్ళీ వెలిగింది, ఈసారి ఇంకా తొందరగా ఆగిపోయింది.  నాకు ఏడుపొచ్చేసింది. నేను పాడుచేసింది ఒక యంత్రాన్నయితే ఏడ్చేవాణ్ణి కాదేమో. మావయ్య పలక అందుకుని, తొందరేమీ లేకుండా రాసి, నా వైపు తిప్పారు.

"బండి లేటు. రద్దు కాదు."

ఆ రెండు మాటలూ నాకు ఆయన పాత గొంతులోనే వినిపించాయి. ముఖం తుడుచుకుని, బోర్డును వెలుతురులోకి జరుపుదామని చేత్తో ఎత్తాను. దిమ్మ కదిలింది, ఊడబోయే పాలపన్నులా అటూ ఇటూ. అప్పుడు, అన్నీ అయ్యాక చదివే అలవాటు ప్రకారం, పెట్టెలో వచ్చిన బొమ్మల కాగితం విప్పి చూశాను. బాణం వైపు తిప్పేది బిగించడానికి కాదట, ఊడదీయడానికట. నా చేత్తో నేనే ప్రతి కాలునూ బిగించి, వెంటనే శ్రద్ధగా విప్పాను. ప్రాసెసరుకు గాలి ఆడుతోందనుకుంటే దానికి ఊపిరే అందలేదు. వేడెక్కి, తనను తాను కాపాడుకోవడానికి ఆరిపోయింది. నా కన్నా దానికే తెలివి ఎక్కువ.

సంగతి చెప్పాక అత్త నవ్వు ఆపుకోలేక "నీ ఇంజినీరు పని తిరగలిలాగున్నాది, తిప్పీయడమే" అంది. ఆపరేషన్ తర్వాత ఆమె నవ్వగా వినడం నాకదే మొదలు. మావయ్య భుజాలు కూడా కదిలాయి. పాత పేస్టు తుడిచేసి కొత్తది పూయాలి. దుకాణం వాడు దయతలచి పడేసిన చిన్న ట్యూబు ఉంది. మినపగింజంత పెట్టాలన్నాను. అత్త వంటింట్లోకి వెళ్ళి నిజంగానే మినపగింజ తెచ్చి, కొలతకు పక్కన పెట్టింది. ఈసారి బాణాల జోలికి పోకుండా కాళ్ళు దించి, ఎదురెదురు మూలలు ముందు నొక్కి, బోర్డు అడుగున వేలుపెట్టి ప్రతి కాలూ అవతలికి వచ్చిందో లేదో తడిమి చూశాను. దిమ్మ పట్టుకుని లాగితే బోర్డు మొత్తం లేచింది. స్విచ్చు వేశాను. వెలిగింది. అందరం దాన్ని చూస్తూ కూర్చున్నాం. ఆగలేదు.

ప్రోగ్రాంలన్నీ ఎక్కించేసరికి మధ్యాహ్నం భోజనాలు చల్లారిపోయాయి. స్పీకర్లు తగిలించి, కీబోర్డు మావయ్య ముందుకు జరిపాను. ఆయన ఒక వేలితో, అక్షరం వెతుక్కుంటూ, పెదవులు కదుపుతూ ఏదో కొట్టారు. నేను మీట నొక్కాను. ఎవరో దొరసాని గొంతు, ముక్కుతో, నింపాదిగా "ఓలే, టీ పెట్టూ" అంది.

 పాతికేళ్ళ కాపురంలో ఆ మాట అత్త ఎన్నిసార్లు విని విసుక్కుందో. తలుపు పట్టుకుని నిలబడి, స్పీకర్ల వైపు చూస్తూ అడిగింది. "ఈ గుంట ఎవులు? నీ మాట దానికెలా తెల్సినాది?"

మావయ్య తన గుండె మీద చెయ్యి పెట్టుకుని, నేనే అన్నట్టు తలూపారు. అత్త కళ్ళు తుడుచుకోలేదు, వాటిని అలా కారనిచ్చింది.

"మల్లీ ఒకపాలి సెప్పమను" అంది నాతో.

మళ్ళీ చెప్పించాను. ఆమె టీ పెట్టడానికి వెళ్ళలేదు. ఇంకోసారి అడిగింది. ఆ రోజు మా అందరికీ టీ పెట్టింది కాకీమా.

ఆ దొరసాని గొంతుతో మావయ్య చాలాకాలం కబుర్లు చెప్పారు, పేకాటలో అబద్ధాలు కూడా ఆడారు. కుర్చీ తిరిగి వీధి వైపుకు వచ్చింది. నేను తర్వాత ఎన్నో బోర్డులు బిగించాను. ఇప్పుడు నా చేతికింద పనిచేసే పిల్లలు ఫోను చెవికి పెట్టుకుని మాట్లాడుతూనే ప్రాసెసరు దించేస్తారు. నేను మాత్రం ఇప్పటికీ ఆ బిళ్ళ బయటికి తీసినప్పుడు మాట్లాడను, పిల్లలు నవ్వుకుంటారు. ఈ రోజు ఎవరైనా మాట పోయిన మనిషిని వెంటబెట్టుకొచ్చి, ఇంట్లో కూర్చుని ఇలాంటి పని చేసిపెట్టమంటే, నేను కళ్ళజోడు సవరించుకుని, అనుభవం లేనివాళ్ళు ముట్టుకోకూడదనీ, దుకాణంలో చేయించుకోవడమే క్షేమమనీ చక్కగా నచ్చజెప్పి పంపిస్తాను. చెప్పింది సరైన సలహానే అవుతుంది. అలాంటి తెలివి అప్పుడు నాకు లేకపోవడం మా అత్త అదృష్టం.